ఆఫీసు ఈమెయిలు: రాసేది ఒకరు, చదివేది ఎందరు?



తెల్లవారి ఆరు గంటలకు హోసూరు బస్టాండు దగ్గర కాసేపు నిలబడితే చాలు, మన ప్రాంతపు బతుకుతెరువు ఎటు మళ్ళిందో అర్థమైపోతుంది. ఒకవైపు సిప్‌కాట్ కంపెనీలకు షిఫ్టు మనుషులను తీసుకుపోయే బస్సులు. ఇంకొకవైపు అత్తిబెలె దాటి బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ వైపు పోయే బస్సులు. రెండు బస్సుల్లోనూ మెడలో గుర్తింపు కార్డు వేలాడుతూ ఉంటుంది. సూళగిరి, బేరికె, బాగలూరు, కెలమంగలం, తళి పల్లెల్లో రాగి చేను, టమోటా తోట, గులాబీ తోట నమ్ముకొన్న కుటుంబాల పిల్లలు ఈనాడు ఎక్కడో లండన్‌లో, న్యూయార్క్‌లో ఉన్న బ్యాంకుల లెక్కలు చూస్తున్నారు. ఆసుపత్రుల దస్తావేజులు సరిచేస్తున్నారు. కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తున్నారు.

సంతోషించవలసిన మార్పే. అయితే ప్రతి కొత్త పనితోపాటు ఒక కొత్త ప్రశ్న కూడా వస్తుంది. ఈ పిల్లలు రోజంతా కంపెనీ కంప్యూటరులో ఉత్తరాలు రాస్తారు. వాటినే ఈమెయిళ్ళు అంటున్నాం. ఆ ఉత్తరాలను వాళ్ళకు తెలియకుండా కంపెనీవారు చదవవచ్చునా? చదివితే ఎంతవరకు చదవవచ్చు? ఈ విషయం మీద కొన్ని సంగతులూ, నాకు తోచిన అభిప్రాయాలూ ఈ ప్రసంగంలో మీ ముందు పెడతాను.

ముందుగా ఒక మాట. పనివాడి మీద యజమాని కన్ను వేసి ఉంచడం మనకు కొత్త కాదు. 1970ల్లో హోసూరులో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. 1980 ప్రాంతంలో మోపెడ్ల కర్మాగారం, లారీల కర్మాగారం వచ్చాయి. ఆ తరువాత టాటావారూ, తమిళనాడు ప్రభుత్వానికి చెందిన టిడ్కో సంస్థా కలిసి పెట్టిన టైటన్ గడియారాల కర్మాగారం వచ్చింది. దేశానికి గడియారాలు చేసి పెట్టిన ఊరు మనది. నిమిషాల లెక్క మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. గేటు దగ్గర కార్డు కొట్టడం, ఆలస్యమైతే అరపూట జీతం పోవడం, ఇంటికి పోయేటప్పుడు సంచీ విప్పి సెక్యూరిటీవాడికి చూపించడం, ఇవన్నీ ఒక తరం నుంచి మన కార్మికులకు అలవాటే.

కాని గేటు దగ్గరి సోదాలో ఒక న్యాయం ఉంది. సంచీ ఎవరు వెతుకుతున్నారో మనకు కనబడుతుంది. ఎందుకు వెతుకుతున్నారో తెలుసు. ముందున్నవాడి సంచీ కూడా వెతికారని చూశాం. వెతకడం అయిపోగానే సంచీ మన చేతికి వస్తుంది. వెతికేవాడు హద్దు మీరితే అక్కడే నలుగురి ముందూ గట్టిగా అడగవచ్చు. ఈమెయిలు సోదాలో ఇవేవీ లేవు. వెతికేవాడు కనబడడు. ఎప్పుడు వెతికాడో తెలియదు. ఏమి తీసుకున్నాడో తెలియదు. వెతికినదాని నకలు ఎన్నేళ్ళు దాచుకుంటాడో అసలే తెలియదు. నన్నడిగితే అసలు చిక్కు సోదా చేయడంలో లేదు, సోదా జరిగిందని తెలియకపోవడంలో ఉంది.

ఇది ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చూద్దాం. వెనుకటి రోజుల్లో పోస్టుకార్డు రాసేటప్పుడు మన పెద్దలకు ఒక సంగతి బాగా తెలుసు. కార్డు మీద రాసినది పోస్టుమాస్టరు చదువుతాడు, పోస్టుమ్యాన్ చదువుతాడు, దారిలో ఎవరైనా చదవవచ్చు. అందుకని కార్డు మీద క్షేమసమాచారాలు మాత్రమే రాసేవారు. అప్పుల సంగతి, పిల్ల పెళ్ళి సంబంధం సంగతి, అన్నదమ్ముల తగాదా సంగతి అయితే ఇన్‌లాండ్ కవరు కొని, రాసి, అంటించి పంపేవారు. చదువురానివాళ్ళు కూడా ఈ తేడా ఎరుగుదురు. ఇప్పుడు పెద్ద చదువులు చదివిన మన పిల్లలు చేస్తున్న పొరపాటు ఏమిటంటే, ఆఫీసు ఈమెయిలును ఇన్‌లాండ్ కవరు అనుకుంటున్నారు. నిజానికి అది పోస్టుకార్డు.

ఉద్యోగి ఒక ఈమెయిలు రాసి పంపగానే అది నేరుగా అవతలి మనిషికి చేరదు. ముందు కంపెనీవారి సర్వరుకు పోతుంది. సర్వరంటే అందరి ఉత్తరాలూ వచ్చి చేరే పెద్ద కంప్యూటరు, మన తపాలా కచేరి వంటిది. చాలా కంపెనీల్లో అక్కడ ఒక నకలు నిలిచిపోతుంది. ఉద్యోగి తన దగ్గర ఉన్న ఉత్తరం తుడిచివేసినా సర్వరు దగ్గరి నకలు అలాగే ఉండవచ్చు. ఆ తరువాత కాపలా ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి. ఉత్తరంలో ఖాతా నంబరు వంటి అంకెల వరుస ఉందా, రహస్యం అని ముద్ర వేసిన కాగితం జతచేశారా, పోటీ కంపెనీ పేరు ఉందా అని అవి వెతుకుతాయి. అనుమానం తగిలితే పై అధికారికి కబురు పోతుంది. ఇంకొన్ని ప్రోగ్రాములు ఉద్యోగి ఏ మీట నొక్కాడో గుర్తుపెట్టుకుంటాయి. కొన్ని, తెర మీద ఏముందో కొన్ని నిమిషాలకొకసారి ఫోటో తీస్తాయి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో మీ సొంత ఈమెయిలు తెరిచినా, ఆ ల్యాప్‌టాప్‌లో పెట్టిన ఏర్పాటును బట్టి అదీ వాళ్ళ కంటబడవచ్చు. ఇదివరకు ఇన్ని వేల ఉత్తరాలు చదవడానికి మనుషులు చాలరు కదా అని ఒక ధైర్యం ఉండేది. కృత్రిమ మేధ వచ్చాక ఆ ధైర్యమూ పోయింది. లక్ష ఉత్తరాలు చదివి సారాంశం చెప్పడానికి యంత్రమే చాలు.

కంపెనీలవారి పక్షం కూడా విందాం. న్యాయం మాట్లాడాలంటే రెండు పక్షాలూ వినాలి. సాఫ్ట్‌వేరు కంపెనీ చేతిలో ఉండే సొత్తు ఇనుమూ కాదు, బంగారమూ కాదు. ఇతరుల రహస్యాలు. ఒక విదేశీ బ్యాంకు తన ఖాతాదారుల వివరాలు బెంగళూరు కంపెనీకి అప్పగించిందంటే, అవి బయటికి పొక్కవన్న నమ్మకం మీదనే అప్పగించింది. 2005లో పుణెలో ఒక కాల్ సెంటరు వ్యవహారం బయటపడింది. అక్కడ పనిచేసిన కొందరు అమెరికాలోని బ్యాంకు ఖాతాదారుల రహస్య సంకేతాలు సంపాదించి దాదాపు మూడున్నర లక్షల డాలర్లు కాజేశారు. ఆ తరువాత దేశంలోని కాల్ సెంటర్లలో కట్టుదిట్టాలు పెరిగాయి. సెల్‌ఫోను బయట పెట్టి రమ్మన్నారు. పెన్నూ కాగితమూ కూడా లోపలికి వద్దన్నచోట్లు ఉన్నాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన సామెత. ఒక్కడు చేసిన దొంగతనానికి వేలమంది ఉద్యోగాలు పోయే ప్రమాదం ఉన్నప్పుడు, కంపెనీ కాపలా పెట్టడం తప్పని నేను అనలేను. ఆఫీసులో ఒక ఆడపిల్లకు పై అధికారి అసభ్యంగా ఉత్తరాలు రాస్తే, ఆ ఉత్తరాల నకళ్ళే ఆమెకు సాక్ష్యం అవుతాయి. అది కూడా మరచిపోకూడదు.

అయితే కాపలాకూ, గూఢచర్యానికీ మధ్య ఒక గీత ఉంది. ఆ గీత ఎక్కడ దాటుతున్నారో చూడాలి. 2020లో కరోనా వచ్చి ఆఫీసులు మూతపడ్డాయి. మన పల్లెల్లో కూడా ఇళ్ళ వసారాల్లో, మిద్దెల మీద కూర్చొని ఆఫీసు పని చేసిన పిల్లలను చూశాం. ఎదురుగా మనిషి లేకపోయేసరికి కొందరు యజమానులకు అనుమానం పట్టుకుంది. పని చేస్తున్నాడా, పడుకున్నాడా? దాంతో నిఘా ప్రోగ్రాముల వ్యాపారం ప్రపంచమంతటా పెరిగింది. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ కంపెనీ ఒక కొత్త ఏర్పాటు తెచ్చింది. ఏ ఉద్యోగి ఎన్నిరోజులు ఈమెయిలు వాడాడు, ఎన్నిరోజులు సమావేశాల్లో పాల్గొన్నాడు అన్నది పేరు పేరునా పై అధికారికి కనబడేలా చేసింది. గోప్యత కోరేవారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2020 డిసెంబరు 1న మైక్రోసాఫ్ట్ దిగివచ్చి, ఉద్యోగుల పేర్లు తీసివేస్తామని ప్రకటించింది. నలుగురూ అడిగితే ఎంత పెద్ద కంపెనీ అయినా ఆలోచిస్తుందనడానికి ఇది ఒక ఉదాహరణ.

రెండేళ్ళ తరువాత అదే మైక్రోసాఫ్ట్, 11 దేశాల్లో 20,000 మందిని అడిగి ఒక నివేదిక ప్రకటించింది. మేము బాగానే పని చేస్తున్నామని 87 శాతం ఉద్యోగులు చెప్పారు. మావాళ్ళు బాగా పని చేస్తున్నారని పూర్తి నమ్మకం ఉన్న పై అధికారులు మాత్రం 12 శాతమే. ఆ కంపెనీకి 2014 నుంచి అధిపతిగా ఉన్న మన తెలుగువారు సత్య నాదెళ్ళ దీనిని ఒక రకమైన అనుమానపు జబ్బుగా వర్ణించారు. అనుమానం పెనుభూతం అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. ఆ భూతానికి మందు ఇంకొక కెమెరా కాదు. పని ఎంత చేశాడో చూడు, ఎన్నిసార్లు మీట నొక్కాడో ఎందుకు? సేద్యంలో కూడా అంతే కదా. కూలివాడు ఎన్నిసార్లు నడుము ఎత్తాడని లెక్కపెట్టే రైతుకు కలుపు తీసిన సాళ్ళు కనబడవు.

2022 సెప్టెంబరులో విప్రో అధిపతి రిషద్ ప్రేమ్‌జీ, ఒకే సమయంలో పోటీ కంపెనీలకు కూడా పని చేస్తున్న 300 మందిని తీసివేశామని చెప్పారు. దీని మీద దేశమంతా వాదోపవాదాలు జరిగాయి. ఒకరి దగ్గర జీతం తీసుకుంటూ వారి పోటీదారుకు పని చేయడం తప్పే. నేను దానిని సమర్థించను. కాని ఆ తప్పును చూపించి, లక్షలమంది నిజాయతీపరుల ఇంటి గదిలోకి, సొంత సంభాషణల్లోకి తొంగిచూడడం కూడా న్యాయం కాదు.

ఇక్కడ మన తెలుగువారికి బాగా తెలిసిన ఒక సంగతి గుర్తుచేయాలి. 1987లో హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్స్ కంపెనీ వేలాది తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టింది. ఆ కంపెనీలో ఉద్యోగం వచ్చిందంటే పెళ్ళిసంబంధాలు వరుసకట్టిన రోజులు ఉన్నాయి. 2009 జనవరి 7న ఆ కంపెనీ అధిపతి బి. రామలింగరాజు ఒక లేఖ రాసి, లెక్కల్లో లేని సొమ్ము ఉన్నట్టు చూపించామని ఒప్పుకొన్నారు. అందులో నగదు, బ్యాంకు నిల్వల పద్దు కింద లేనిది ఉన్నట్టు చూపినది 5,040 కోట్ల రూపాయలు. చివరకు 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు న్యాయస్థానం ఆయననూ మరికొందరినీ దోషులుగా తేల్చింది. ఆ కంపెనీని ముంచినది కింది మెట్టు మీద కూర్చున్న ఉద్యోగి రాసిన సొంత ఉత్తరమా? కాదు. పై మెట్టు మీద జరిగిన దొంగలెక్క.

ఇంకో విశేషం చూడండి. ఆ లేఖకు కొద్దివారాల ముందు, లోపలి సంగతులు తెలిసిన ఒకరు మారుపేరుతో కంపెనీ స్వతంత్ర డైరెక్టర్లలో ఒకరికి ఈమెయిలు పంపి హెచ్చరించారు. తప్పు జరుగుతున్నదని చెప్పాలనుకొన్న మనిషికి తన పేరు దాచుకోవలసి వచ్చింది. దీని నుంచి మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. నిఘా ఎప్పుడూ పైనుంచి కిందికే చూస్తుంది, కిందినుంచి పైకి చూడదు. ప్రతి ఉత్తరమూ పై అధికారి చదువుతాడన్న భయం ఉన్నచోట, కంపెనీలో జరిగే తప్పును ఎత్తిచూపేవాడు నోరు మూసుకుంటాడు. కంచే చేను మేస్తుంటే కేక వేయవలసినవాడి గొంతు నొక్కినట్టవుతుంది. నష్టం చివరకు వాటాలు కొన్నవారికీ, ఉద్యోగులకూ, అందరికీ.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. ఈ తగాదా మొదట అమెరికాలో వచ్చింది. ఒక ఆహారపదార్థాల కంపెనీ, మీ ఈమెయిళ్ళు రహస్యంగానే ఉంటాయి, వాటిని బట్టి ఎవరినీ తీసివేయబోమని ఉద్యోగులకు హామీ ఇచ్చింది. ఆ మాట నమ్మి ఒక ఉద్యోగి తన పై అధికారికి ఘాటుగా ఏవో రాశాడు. కంపెనీ ఆ ఉత్తరాలు బయటికి తీసి అతన్ని తీసివేసింది. 1996లో పెన్సిల్వేనియాలోని న్యాయస్థానం కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది. ఆఫీసు ఈమెయిలులో రాశాక రహస్యం ఆశించడానికి లేదన్నది. హామీ ఇచ్చినా సరే! ఆ తీర్పు వచ్చిన తరువాత చాలాకాలం ప్రపంచంలోని కంపెనీలు ఆ దారినే నడిచాయి.

యూరప్‌లో గాలి వేరుగా వీచింది. రుమేనియా దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ, ఖాతాదారులకు జవాబులు ఇవ్వడానికి ఒక ఇంజనీరు చేత యాహూ మెసెంజరు ఖాతా తెరిపించింది. 2007 జులైలో కొద్దిరోజులు ఆ ఖాతా మీద కన్ను వేసింది. సొంతానికి వాడావా అని అడిగింది. లేదన్నాడు. అప్పుడు 45 పేజీల నకలు అతని ముందు పెట్టింది. అందులో సోదరుడితో, పెళ్ళాడబోయే అమ్మాయితో చెప్పుకొన్న సొంత మాటలూ ఉన్నాయి. ఉద్యోగం పోయింది. అతను కోర్టులకెక్కాడు. తన దేశంలో ఓడాడు. యూరప్ మానవహక్కుల న్యాయస్థానంలో 2016లో ఒకసారి ఓడాడు. పట్టు విడవలేదు. 2017 సెప్టెంబరు 5న అదే న్యాయస్థానపు పెద్ద ధర్మాసనంలో, 17 మంది న్యాయమూర్తుల్లో 11 మంది అతని పక్షాన తీర్పు చెప్పారు. పదేళ్ళ పోరాటం.

ఆ తీర్పులో ఉద్యోగి ఉత్తరాలు యజమాని అసలు చూడనే కూడదని చెప్పలేదు. చూసే ముందు కొన్ని ప్రశ్నలకు జవాబు ఉండాలన్నారు. చూస్తామని ముందుగా స్పష్టంగా చెప్పారా? ఎంత మేరకు చూశారు, ఉత్తరం వచ్చిపోయిన సంగతి మాత్రమేనా, లోపలి రాతను కూడానా? చూడవలసిన కారణం ఏమిటి? ఇంతకంటే తక్కువ చొరబాటుతో ఆ పని అయ్యేది కాదా? చూసినదాన్ని దేనికి వాడారు? ఉద్యోగికి రక్షణ ఏమి కల్పించారు? ఈ ప్రశ్నలు ఎంత సబబుగా ఉన్నాయో చూడండి. ఊళ్ళో పంచాయతీ పెద్దలు కూర్చొని అడిగినట్టున్నాయి. అమెరికాలో కూడా న్యూయార్క్ రాష్ట్రం 2022 మే నుంచి ఒక నియమం పెట్టింది. ఉద్యోగంలో చేర్చుకొనేటప్పుడే, మీ ఈమెయిలు, ఫోను, ఇంటర్నెట్టు మేము గమనిస్తామని యజమాని రాతపూర్వకంగా చెప్పి, ఉద్యోగి చేత అందినట్టు సంతకం పెట్టించుకోవాలి.

మరి మన దేశంలో? 2000లో సమాచార సాంకేతిక చట్టం వచ్చింది. ఇతరుల కంప్యూటరులోకి అనుమతి లేకుండా చొరబడడం తప్పని అది చెబుతుంది. కాని ఆఫీసు కంప్యూటరు ఉద్యోగిది కాదు, కంపెనీది. కాబట్టి ఆ రక్షణ ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. తరువాత పెద్ద మలుపు మన పొరుగునుంచే వచ్చింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి, 86 ఏళ్ళ వయసులో, 2012లో ఆధార్ విషయమై సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఆ వ్యాజ్యంలో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. అంత వయసులో అంత ఓపికతో పోరాడిన ఆ పెద్దాయన 2024లో కన్నుమూశారు.

ప్రాథమిక హక్కు ముఖ్యంగా ప్రభుత్వం మీద చూపే హక్కు. ప్రైవేటు కంపెనీ మీద చూపాలంటే వేరే చట్టం కావాలి. 2023 ఆగస్టులో వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. ప్రధానమైన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. సమాచారాన్ని భద్రంగా ఉంచని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే వీలు ఇందులో ఉంది. ఇది మంచిదే. కాని ఉద్యోగుల విషయంలో ఒక వెసులుబాటు పెట్టారు. ఉద్యోగ అవసరాలకూ, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికీ, వ్యాపార రహస్యాలు కాపాడుకోవడానికీ ఉద్యోగి సమాచారాన్ని విడిగా అనుమతి అడగకుండానే వాడుకోవచ్చునన్నారు. ఎంతవరకు అన్న గీత అక్కడ గట్టిగా గీయలేదు. రుమేనియా కేసులో అడిగిన ప్రశ్నలు మన చట్టంలో కూడా ఉండాలని నా అభిప్రాయం.

ఈ మాట చెప్పగానే కొందరు పెద్దలు, తప్పు చేయనివాడికి భయమెందుకండీ అని అడుగుతారు. న్యాయంగానే తోచే ప్రశ్న. దీనికి జవాబు మన జిల్లాలోనే దొరికింది. 2025 నవంబరులో మన జిల్లాలో ఒక కర్మాగారానికి చెందిన మహిళా వసతిగృహంలో, స్నానాల గదిలో రహస్య కెమెరా బయటపడింది. ఆడపిల్లలు పెద్దసంఖ్యలో రోడ్డు మీదికి వచ్చి కూర్చున్నారు. అది నేరం. కంపెనీ నిఘాకూ దానికీ పోలిక లేదు, రెండూ ఒకటని నేను అనడం లేదు. కాని ఒక్క సంగతి గమనించండి. ఆ పిల్లల్లో ఎవరు తప్పు చేశారు? ఎవరూ చేయలేదు. అయినా ఎందుకు కుమిలిపోయారు? ఎవరూ చూడడం లేదనుకొన్నచోట ఎవరో చూస్తున్నారన్న తలపే మనిషిని నిలువునా కుంగదీస్తుంది. మనం తలుపు వేసుకునేది తప్పు దాచడానికి కాదు, మానం కాపాడుకోవడానికి. ఉత్తరానికి జిగురు అంటించేది కూడా అందుకే.

ఇంకొక జవాబు కూడా ఉంది. ఉత్తరం రాసినవాడు తప్పు చేయకపోయినా, కంపెనీ తప్పు చేస్తే అతని ఉత్తరం బజారున పడవచ్చు. అమెరికాలో ఎన్రాన్ అనే కంపెనీ దొంగలెక్కలతో 2001లో దివాలా తీసింది. విచారణ సందర్భంగా అక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి 2003లో ఆ కంపెనీ ఈమెయిళ్ళను ప్రజల ముందు పెట్టింది. సుమారు 150 మంది ఉద్యోగుల ఉత్తరాలు, అయిదు లక్షల దాకా ఉన్నాయి. వాటిలో వ్యాపారం సంగతులతోపాటు సంసారం సంగతులూ ఉన్నాయి. ఈనాటికీ పరిశోధకులు వాటిని చదువుతూనే ఉన్నారు. రాసినవారిలో చాలామందికి ఆ మోసంతో సంబంధమే లేదు.

మరి మన పిల్లలు ఏమి చేయాలి? కొన్ని సులువైన జాగ్రత్తలు చెబుతాను. ఇంట్లో పెద్దలు విని పిల్లలకు చెప్పండి.

మొదటిది. ఆఫీసు ఈమెయిలులో, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత సంగతులు రాయకండి. అప్పులు, ఆరోగ్యం, పెళ్ళి మాటలు, వేరే ఉద్యోగం వెతుక్కోవడం, ఇవన్నీ మీ సొంత ఫోనులో, సొంత ఖాతాలో పెట్టుకోండి. పోస్టుకార్డు మీద రాయదగినది మాత్రమే ఆఫీసు ఈమెయిలులో రాయండి.

రెండవది. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చే కాగితాలు చదవకుండా సంతకం పెట్టకండి. పొలం రాసుకొనేటప్పుడు హద్దులు చూసుకోకుండా సంతకం పెడతామా? ఆ కాగితాల్లో నిఘా గురించి ఒక పేరా ఉంటుంది. ఏమి గమనిస్తారు, ఎంతకాలం దాచుకుంటారు అని మర్యాదగా అడగండి. అడిగితే ఉద్యోగం పోదు. అడిగినవాడికి జాగ్రత్త తెలుసునని వాళ్ళకు అర్థమవుతుంది.

మూడవది. సొంత ఫోనులో కంపెనీ ప్రోగ్రాము పెట్టమంటే దానికి ఏయే అనుమతులు ఇస్తున్నారో చూసుకోండి. కొన్ని ఏర్పాట్లలో, ఉద్యోగం మానినప్పుడు కంపెనీవారు దూరం నుంచే ఫోనులోని సంగతులు తుడిచివేయగలరు. పిల్లవాడి మొదటి పుట్టినరోజు ఫోటోలు కూడా వాటితో పోవచ్చు.

నాలుగవది. కంపెనీ రహస్యాలను సొంత ఈమెయిలుకు పంపుకోకండి. ఇంట్లో పని పూర్తి చేద్దామన్న మంచి బుద్ధితో పంపినా, కాపలా ప్రోగ్రాముకు ఆ బుద్ధి తెలియదు. దొంగతనంగానే లెక్కగడుతుంది.

అయిదవది. కోపంలో ఉత్తరం రాయకండి. నోటిమాట గాలిలో కలిసిపోతుంది. ఈమెయిలు పదేళ్ళ తరువాత కూడా పైకి లేస్తుంది.

కంపెనీలవారికి కూడా ఒక విన్నపం. కాపలా పెట్టండి, కాని చెప్పి పెట్టండి. తెలుగు, తమిళం, కన్నడం, ఏ భాషలో అయితే మీ ఉద్యోగికి బాగా అర్థమవుతుందో ఆ భాషలో ఒక పేజీలో చెప్పండి. ఫలానా కారణానికి, ఫలానా మేరకు, ఇంతకాలం అని రాయండి. ఒకరి ఉత్తరం తెరవాలంటే ఒక్క అధికారి ఇష్టం మీద కాకుండా ఇద్దరు ముగ్గురి ఆమోదం ఉండాలని పెట్టుకోండి. పై అధికారులకు కూడా అదే నియమం పెట్టండి. తప్పును ఎత్తిచూపేవాడికి నిఘా లేని దారి ఒకటి తెరిచి ఉంచండి. సత్యం కథ మళ్ళీ జరగకుండా కాపాడేది ఆ దారే.

2025 జులైలో దేశంలోనే పెద్ద సాఫ్ట్‌వేరు కంపెనీ టీసీఎస్, తన ఉద్యోగుల్లో సుమారు 2 శాతం మందిని, అంటే దాదాపు 12,000 మందిని తగ్గిస్తామని ప్రకటించింది. ఇటువంటి వార్తలు విన్నప్పుడు ఉద్యోగం ఉంటే చాలు, గోప్యత గొడవ మనకెందుకు అనిపించడం సహజం. కాని కార్మికులు సంచీ సోదాకు ఒప్పుకొన్న రోజుల్లోనే ఆడవాళ్ళను ఆడవాళ్ళే సోదా చేయాలని అడిగి సాధించుకొన్న చోట్లు ఉన్నాయి. జీతం కోసం పనికి పోతాం, మర్యాద అమ్ముకోవడానికి కాదు. ఈ మాట ఫ్యాక్టరీ మనిషికి ఎంత వర్తిస్తుందో, కంప్యూటరు ముందు కూర్చున్న మనిషికీ అంతే వర్తిస్తుంది.

ఈ నాలుగు మాటలూ మీ ఇంట్లో, మీ వీధిలో, బస్సులో పక్కన కూర్చున్నవారితో చర్చించండి. పిల్లలు రాత్రి ఇంటికి వచ్చాక, మీ ఆఫీసులో ఈ సంగతి ఎలా ఉందిరా అని ఒకసారి అడగండి.